అక్క కిడ్నీ నిద్రపోయిన వానాకాలం

బాయిలర్ దగ్గర పనిచేసేవాడు చప్పుడుకు భయపడడు. చప్పుడు ఆగితే భయపడతాడు. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు బాయిలర్ నడిపించాను. బాయిలర్‌కు నీళ్లు తోసే ఫీడ్ పంపు కొట్టుకుంటున్నంతసేపు దాని పక్కనే కూర్చుని హాయిగా సద్ది తినేవాణ్ణి. ఆ పంపు ఒక్కసారి గొంతు మార్చిందంటే ముద్ద మింగుడు పడేది కాదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా జబ్బు మొత్తంలో నేను నిజంగా వణికింది ఒక చప్పుడు ఆగిపోయినప్పుడే.

కిడ్నీ పెట్టించుకోబోయేవాళ్లూ, ఇవ్వబోయేవాళ్లూ ఎవరైనా చదివితే కాస్త ధైర్యం, కాస్త జాగ్రత్త వస్తాయని రాస్తున్నాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. "నీకు ప్రెషర్ వచ్చుడేంది, నువ్వే ఒక ప్రెషర్" అంటుంది మా ఆవిడ మణెమ్మ. అందుకని ఇందులో తియ్యటి మాటలు వెతక్కండి.

మొదటి ఎండాకాలం

ఆ ఎండాకాలం నా చెప్పులు బిగుసుకుపోయాయి. కాళ్లు వాచాయని అనుకోలేదు, చెప్పులే ముడుచుకున్నాయనుకున్నాను. తలనొప్పి ఉండేది. ఫ్యాక్టరీల వాసనకు ఆ వైపు ఎవరికి తలనొప్పి లేదు? మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసు అనుకున్నాను, నలభై కూడా నిండకుండానే.

కంపెనీలో ఏడాదికొకసారి చేసే చెకప్‌లో కంపౌండర్ నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లోపలికి వెళ్లి ఇంకో మిషన్ తెచ్చాడు. "ఏంది, గేజ్ ఖరాబైందా?" అని నవ్వాను. అతను నవ్వలేదు. డాక్టర్‌ను పిలుచుకొచ్చాడు. ఆ డాక్టర్ నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు, కంపెనీ జీపులోనే పట్నం పంపించాడు.

నా రెండు కిడ్నీలూ ఎండిన రేగుపండ్లలా ముడుచుకుపోయాయని అక్కడ తేలింది. బీపీ కిడ్నీలను తిన్నదో, కిడ్నీలే బీపీని లేపాయో ఇప్పుడు చెప్పలేమన్నారు. చెప్పగలిగినవాళ్లు మా కాజీపల్లిలో బోలెడుమంది దొరికారు. నీళ్ల వల్ల అన్నారు కొందరు. మా బావిలో చేద వేస్తే అప్పుడప్పుడు చాయ్ రంగు నీళ్లు వచ్చేవి, పైన నురగ తేలేది. కల్లు వల్ల అన్నారు ఇంకొందరు. పక్కింటి ముసలమ్మ దిష్టి అన్నది. ఎవరికి వాళ్లు ఖాయంగా చెప్పారు, డాక్టర్లు తప్ప.

చెయ్యి మోగిన కాలం

డయాలసిస్ కోసం నా ఎడమ మణికట్టు దగ్గర రెండు రక్తనాళాలను కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు అక్కడ నరం ఉబ్బి, లోపల ఏదో గిర్రుమని తిరగడం మొదలైంది. వేలు పెడితే జివ్వుమనేది. చెవికి ఆనించుకుంటే అచ్చం మా ఫీడ్ పంపు చప్పుడే. రోజూ చూసుకోవాలి, ఆగిపోతే వెంటనే పరుగెత్తుకు రావాలి అని చెప్పారు. ఇక నాకు చెప్పాలా? లేవగానే చెయ్యి చెవికి పెట్టుకుని డ్యూటీ ఎక్కేవాణ్ణి.

డయాలసిస్ హాల్లో వరసగా కుర్చీలు ఉండేవి. అందరం ఎడమ చేతులు చాపుకుని పడుకునేవాళ్లం. ఎవరూ పెద్దగా మాట్లాడేవాళ్లు కాదు. ఒక్కోసారి ఎవరికో బీపీ పడిపోయేది. ముఖం తెల్లబడి, కళ్లు తేలేసి, ఎవరూ లేని వైపు చూసి నవ్వేవాళ్లు. నర్సులు వచ్చి కాళ్లు పైకెత్తి పట్టుకుంటే తిరిగొచ్చేవాళ్లు. ఒక్కో వారం ఒక కుర్చీ ఖాళీగా ఉండేది. ఎందుకని ఎవరూ అడగరు. తర్వాతి వారం అందులో కొత్త మనిషి కూర్చునేవాడు, పాతాయనలాగే తల ఒక పక్కకు వాల్చి. ఆ కుర్చీయే మనుషులకు అలా కూర్చోవడం నేర్పుతుందేమో అనిపించేది నాకు.

అన్నిటికంటే పెద్ద బాధ నీళ్లు. రోజుకు ఇంత అని కొలిచి ఇచ్చేవాళ్లు. పటాన్‌చెరు బస్టాండులో నీళ్ల ప్యాకెట్లు అమ్మేవాళ్లు ఎదురైతే మొహం తిప్పుకునేవాణ్ణి. ఇంట్లో బిందె మీద గుడ్డ కప్పి పెట్టేవాళ్లు. మణెమ్మ తలుపు వెనక్కి వెళ్లి నీళ్లు తాగేది. గుటక చప్పుడు వినిపిస్తే నేను తిట్టేవాణ్ణి, వినిపించకపోతే దొంగతనంగా తాగుతున్నావా అని తిట్టేవాణ్ణి. మా అక్క సత్తెమ్మ చూడ్డానికి వచ్చినప్పుడల్లా ఇదంతా చూసేది. వచ్చి వెళ్లేదాకా ఆమె కూడా పెదవి తడుపుకునేది కాదు. నీళ్లు, ఉప్పు, ప్రెషర్, ఈ మూడూ మా ఇంట్లో పాముల కింద లెక్క. పేరెత్తితేనే అందరూ కాళ్లు పైకి పెట్టుకునేవాళ్లు.

నాట్లకు ముందు

అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. సంగారెడ్డి అవతల ఒక ఊళ్లో ఇచ్చారు. మిర్ప నారు, టమాట నారు పోయడంలో చుట్టుపక్కల ఆమె చెయ్యి మంచిదని పేరు. ఆమె నారుమడి దగ్గరికి పక్క ఊళ్ల రైతులు కూడా వచ్చేవాళ్లు.

"నాది సరిపోతదో సూడున్రి" అని తనే వచ్చి డాక్టర్ ముందు కూర్చుంది. సరిపోయింది. మా వైపు పెద్దలు గొణిగారు. ఆడబిడ్డకు మనం పెట్టాలి గానీ ఆమె దగ్గర తీసుకుంటారా, ఆ సొమ్ము అరుగుతుందా అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. బయటికి మాత్రం, "చీరె కాదు, సారె కాదు, కిడ్నీ. మీలో ఎవరిస్తరో చెప్పున్రి" అన్నాను. అందరికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చాయి.

మా బావ కిష్టయ్య మంచివాడే కానీ రైతు. ఆపరేషన్ రోజు వానాకాలం నాట్ల మధ్యలో పడింది. "నాట్లయినంక పెట్టుకోరాదా బామ్మర్దీ? ఒక్క ఎద్దుతోని ఎవుసం జేసినట్టు అయితది ఆమె బతుకు. గీ నాట్లన్న రెండెద్దులతోని గానియ్యి" అన్నాడు. నాకు మండింది. ఏదో అనబోతే అక్క అడ్డం వచ్చింది. "ఎద్దు నాది, కాడి నాది. నువ్వూకో" అన్నది ఆయనతో. ఆయన సంతకం పెట్టాడు.

చప్పుడు ఆగిన రోజు

ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేటప్పుడు పక్క స్ట్రెచర్ మీద అక్కను చూశాను. పెదవులు పగిలి ఉన్నాయి. భయపడిందనుకున్నాను. నాకు మత్తు ఇచ్చిన డాక్టరమ్మ చిన్న మనిషి, గొంతు మాత్రం గట్టిది. "ఇష్టమైన చోటు ఏదైనా తలుచుకోండి" అన్నది. బాయిలర్ హౌస్ తలుచుకున్నాను. నవ్వకండి, అంతకంటే వెచ్చటి చోటు నాకు తెలియదు.

తెలివొచ్చేసరికి ఒంటినిండా పైపులు. నొప్పి ఇంకా తెలియడం లేదు. అలవాటు ప్రకారం ఎడమ చెయ్యి చెవి దగ్గరికి లాక్కున్నాను.

ఏమీ లేదు.

ఇంకా గట్టిగా అదుముకున్నాను. నా చెయ్యి మీద నా చెవి, అంతే. గోడకు చెవి పెట్టినట్టుంది. గదిలో మిషన్లన్నీ మోగుతున్నాయి, నర్సు ఏదో అంటోంది. నాకు మాత్రం ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయి, మనుషులందరూ వెళ్లిపోయి, నేనొక్కణ్ణే లోపల మిగిలినట్టు అనిపించింది. "పంపు బంద్ అయింది. ప్రెషర్ పడ్డది" అన్నాను. నర్సు మత్తులో మాట్లాడుతున్నాననుకుని భుజం తట్టింది. "ప్రెషర్ పడ్డది, పిలువున్రి" అని అరిచాను.

మత్తు డాక్టరమ్మ వచ్చి నా మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత నా మొహంలోకి చూసి, "మీకెవరు చెప్పారు?" అన్నది.

నేను ఊహించింది నిజమే. కొత్త కిడ్నీని కుట్టి, రక్తం వదిలే సమయానికి బీపీ బాగా ఉండాలట. అప్పుడే కిడ్నీ నిండి, రంగు తేలి, అక్కడికక్కడే మూత్రం చిమ్ముతుందట. సరిగ్గా ఆ సమయంలో నా బీపీ పడిపోయింది. మందులు పెట్టి లేపారు. కానీ ఆ కాసేపట్లో చేతిలో ఫిస్టులా గడ్డకట్టి ఆగిపోయింది. అక్క కిడ్నీ వాడిపోయినట్టు అలాగే ఉండిపోయింది.

"చచ్చిపోయిందా?" అని అడిగాను.

"లేదు. నిద్రపోతోంది. కొన్నిటికి రోజులు పడుతుంది, కొన్నిటికి వారాలు. చూడాలి."

లేవకపోతే అన్న మాట ఆమె అనలేదు. లేవకపోతే మళ్లీ ఆ కుర్చీల వరసలోకే, అది కూడా ఆగిపోయిన చెయ్యితో. అక్క ఇచ్చింది వట్టిపోయినట్టే. అంతవరకు ఆలోచించుకుని ఆపేశాను.

నిద్ర

మెడలో పైపు పెట్టి డయాలసిస్ చేస్తూ వచ్చారు. నా బీపీ పైకే ఉంచాలని మందులు ఎక్కించేవాళ్లు. ఇన్నేళ్లు బాయిలర్ గేజ్ ముల్లు ఎర్రగీత దాటకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఈ జబ్బులో కూడా అదే పని. ఇప్పుడేమో కాస్త దిగితే చాలు నర్సు పరుగెత్తుకొచ్చి, "పెరగాలి, పెరగాలి" అనేది. లోకం తలకిందులైంది.

కొత్త కిడ్నీని వెనక పెట్టరు. ముందే, పొత్తికడుపులో కుడివైపు పెడతారు. కట్టు మీద చెయ్యి పెడితే పిడికెడు గట్టిదనం తెలుస్తుంది. నాకు దాని మీద చెయ్యి పెట్టాలంటే ఇబ్బందిగా ఉండేది. మన ఇంట్లో ఎవరో దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంటే, లేపాలో వద్దో తెలియక తిరుగుతామే, అలా ఉండేది.

ఒకరోజు స్కానింగ్ మిషన్ తెచ్చి దాని చప్పుడు వినిపించారు. హుష్... హుష్... అని. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టే ఉంది. "వింటున్నారుగా, రక్తం బాగానే వెళ్తోంది" అన్నాడు డాక్టర్. బతికే ఉంది. నా నెత్తురే తాగుతోంది. పని మాత్రం చెయ్యదు. మంచం పక్కన వేలాడే మూత్రం సంచి ఎప్పుడు చూసినా ఖాళీ. ఎవరొచ్చినా ముందు సంచి వైపు చూసి, తర్వాత నా మొహం వైపు చూసేవాళ్లు.

వారం దాటాక ఒక సాయంత్రం మణెమ్మ మూతికి గుడ్డ కట్టుకుని లోపలికి వచ్చింది. ఉన్నట్టుండి వంగి, నా కడుపు దగ్గర నోరు పెట్టి, "వొదినె, లే" అన్నది. "ఓ వొదినె, లే ఇగ" అని మళ్లీ అన్నది. నర్సు రావడంతో లేచి నిలబడింది.

"నీకేమన్న పిచ్చి లేసిందా? అది మాంసం ముక్క" అని కసిరాను.

అన్నాక నాకే బాగా అనిపించలేదు. గదిలో మేము కాక ఇంకెవరో ఉండి ఆ మాట విన్నట్టయింది.

మర్నాడు అక్కను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ఆమె కింది అంతస్తులో ఉండేది. ఎడమ పక్క చెయ్యి అదుముకుని తలుపు దగ్గరే ఆగింది. మణెమ్మ నా పక్కనే ఉంది. అక్క ఆ మాటా ఈ మాటా చెప్పి, "నిన్న పొద్దుగూకంగ నన్నెవరో పిలిచిండ్రు తమ్మీ" అన్నది. "లే, లే అని. లేసి కూసున్న. సూస్తె ఎవ్వరు లేరు. మూడుసార్లు పిలిస్తెనే పలకాలంటరు కద. రెండుసార్లే పిలిచిండ్రు. పలకలే."

మణెమ్మ మొహం పాలిపోయింది. నేను గొంతు పెంచాను. "వార్డుల సిస్టరమ్మలు జరం చూసేటందుకు లేపుతరు. గదే అయి ఉంటది."

"సిస్టరమ్మలు అమ్మా అంటరు" అన్నది అక్క నెమ్మదిగా. "వొదినె అంటరా?"

మణెమ్మ ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకోరోజు ధైర్యం చేసి మూడోసారి కూడా పిలిచింది, నేను ఎంత వద్దన్నా. ఏమీ జరగలేదు. సంచి అలాగే ఉంది. "చూసినవా?" అన్నాను. గెలిచినందుకు నాకు ఏడుపొచ్చింది.

అక్క చెప్పింది

ఆ రోజు మణెమ్మ ఏడుస్తూ బయటికి వెళ్లగానే అక్క కుర్చీ చక్రం తనే తిప్పుకుని ఇంకాస్త దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, అది లేవకపోతే నీ తప్పు కాదు. నేనే ఎండగొట్టిన."

"ఏం ఎండగొట్టినవ్?"

అప్పుడు చెప్పింది. నారు పీకి పొలంలో నాటేముందు కొన్ని రోజులు మడికి నీళ్లు ఆపేస్తారు. అలా చేస్తే నారు గట్టిపడుతుంది, కొత్త చోట ఎండకు తట్టుకుంటుంది. ఆమె ఏళ్ల తరబడి చేస్తున్న పని అది, ఎప్పుడూ తప్పలేదు. తన కిడ్నీ తమ్ముడి ఒంట్లోకి పోతుంది. తమ్ముడికి నీళ్లు పొయ్యరు. అలవాటు లేని కిడ్నీ అక్కడ ఎలా బతుకుతుంది? అందుకని ముందునుంచే దానికి అలవాటు చేసింది. పట్నం రావడానికి ముందు కొన్ని రోజులు గొంతు తడుపుకోవడం తప్ప నీళ్లు తాగలేదు.

"పీకే పొద్దు మాత్రం మడి నిండ తడుపుతం. అట్లయితేనే ఏర్లు తెగకుంట వస్తది" అన్నది. "గా పొద్దు లేసి చెంబెడు నీళ్లు తాగుదామనే అనుకున్న. సిస్టరమ్మ చెంబు గుంజుకున్నది. ఆపరేషన్ ఉన్నది, ఏం తాగొద్దు అన్నది. ఎండినదాన్ని ఎండినట్టే పీకిండ్రు."

ఎవరికైనా చెప్పావా అని అడిగాను. చెప్పలేదన్నది. బావకు తెలిస్తే కొడతాడని కాదు, నవ్వుతాడని. అంతలో సిస్టర్ వచ్చి కుర్చీ వెనక్కి తిప్పింది. ఆమెను తీసుకెళ్లిపోయారు.

సాయంత్రం మత్తు డాక్టరమ్మ రౌండ్‌కు వచ్చినప్పుడు చెప్పాను. ఆమె నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ అక్కకు కూడా ఆపరేషన్‌లో బీపీ దిగింది. మేము సెలైన్ ఎక్కించాం. కానీ ఒళ్లు అప్పటికే ఎండి ఉంటే అంత తొందరగా తేరుకోదు. ఆమెకు దిగింది, తర్వాత మీకూ దిగింది. దేనివల్ల ఎంత అని ఎవరూ చెప్పలేరు."

"అయితే ఆమె వల్ల కూడానా?"

"కావచ్చు. నీళ్లు తాగుతున్నారా అని మేము అడగాల్సింది. అడగలేదు" అన్నది. లేచి వెళ్లబోతూ ఆగి, "ఆమెకు చెప్పేటప్పుడు మాత్రం ఆలోచించి చెప్పండి" అన్నది.

మర్నాడు అక్క డిస్చార్జి. వెళ్లేముందు వచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "డాక్టరమ్మను అడిగిన అక్కా. నీ తప్పు ఏం లేదట. నా ప్రెషర్ పడిపోయింది, గంతే. నువ్వు మనసుల ఏం పెట్టుకోకు. నిమ్మలంగ పోయి పండుకో" అన్నాను. నా జన్మలో ఎవరితోనూ అంత నెమ్మదిగా మాట్లాడి ఉండను. అక్క నా మొహం వైపు అలా చూస్తూ ఉండిపోయింది. "గట్లనా" అన్నది చివరికి.

తడి

అక్క ఊరికి పోలేదు. కుట్లు విప్పేదాకా దగ్గర్లో ఉండాలని పటాన్‌చెరులో మేము కిరాయికి తీసుకున్న గదిలో ఉంది. మణెమ్మ రోజూ అటూ ఇటూ తిరిగేది. "వొదినెకు నీళ్లు తాగుడే పనైంది. బిందె ముంగట పెట్టుకుని కూసుంటది. అడిగితే, నాటినంక తడపాలె కద అంటది" అని చెప్పింది భయంభయంగా. అక్కడి ట్యాంకర్ నీళ్లు అక్కకు పడలేదట. బావ నాట్లు కూలోళ్లకు వదిలేసి, తమ ఊరి బోరు నీళ్లు డబ్బాలో నింపుకుని సంగారెడ్డి నుంచి బస్సులో తెచ్చి ఇచ్చి వెళ్లేవాడు. తిట్టబోయిన నోటితోనే ఆయన గురించి ఇది కూడా చెప్పాలి. "మా ఊరి నారు మా ఊరి నీళ్లకే లేస్తది బామ్మర్దీ" అన్నాడు కిటికీ అవతల నిలబడి, నవ్వుతూ.

నేను ఆ కిడ్నీని తలుచుకుని భయపడుతూనే ఉన్నాను. అక్కడ అక్క చెంబు తర్వాత చెంబు తాగుతోంది. ఇక్కడ ఆమెలోంచి వచ్చిన ముక్క నా కడుపులో కదలకుండా పడుకుని ఉంది. మధ్యలో ముంబై రోడ్డు, లారీలు, ఇంత పట్నం. అయినా మణెమ్మ బిందె సంగతి చెప్పినప్పుడల్లా నా కుడివైపు చల్లగా అనిపించేది. చెమట అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక మధ్యాహ్నం అన్నం తిని కునుకు తీస్తున్నాను. గది తుడవడానికి వచ్చిన ఆయా మంచం పక్కన వంగి, అలాగే ఉండిపోయింది. "సారూ, సంచిల తడి ఉన్నది" అన్నది. నేను లేవబోయాను, లేవలేకపోయాను. ఆమె సంచి ఎత్తి వెలుతురుకు పట్టి చూపించింది. అడుగున పసుపు రంగులో కొంచెం, నారుమడి గట్టు పక్కన ఊరే నీళ్లంత. మేము చూస్తుండగానే పైపులో ఇంకో బొట్టు జారింది. ఆయా నా చెయ్యి పట్టుకుంది. నేను చిన్న పిల్లాడిలా ఏడ్చాను. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆ వేళ నా పక్కన నా సొంతవాళ్లు ఎవరూ లేరు, ఆమె ఉంది.

చీకటి పడేముందు బావ వచ్చాడు. ఎవరూ చెప్పకముందే, "లేసిందటగా" అన్నాడు. మధ్యాహ్నం అక్క చెంబు ఒళ్లో పెట్టుకునే నిద్రపోయిందట. ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె సరిగ్గా నిద్రపోయింది అదే మొదలు. లేచి, "లేసింది, పోయి సూడు" అని ఆయన్ను పంపించిందట.

"ఏ టైముకు?" అని అడిగాను ఆత్రంగా.

"ఏమో, నేను సూడలే."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. టైము చూడని మనిషితో ఏం తేలుతుంది? ఇవాళ్టికీ అది తేలలేదు. అలాంటి కిడ్నీలు వాటంతటవే లేస్తాయని డాక్టర్లు అంటారు. నేనూ అదే నమ్ముతాను, పగటిపూట.

తర్వాతి ఏళ్లు

లేచింది గానీ పూర్తిగా లేవలేదు. రోజురోజుకూ మూత్రం పెరిగింది, మెడ పైపు తీసేశారు, నన్ను ఇంటికి పంపారు. కానీ నెత్తుట్లో క్రియాటినిన్, అంటే కిడ్నీ వడగట్టాల్సిన మురికి, దిగుతూ దిగుతూ ఒకచోట ఆగిపోయింది. మామూలు మనిషికి ఉండాల్సినదానికంటే ఎక్కువే. "మొదటి రోజే దెబ్బ తిన్న కిడ్నీ ఇది. దీనితో బతకొచ్చు. కానీ మిగతా వాళ్లంత కాలం రాకపోవచ్చు" అన్నాడు డాక్టర్. ఆ మాట మణెమ్మకు చెప్పాను. అక్కకు చెప్పలేదు.

ఫ్యాక్టరీలో నన్ను బాయిలర్ దగ్గరికి పంపలేదు, లారీలు తూచే కాటా దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో బీపీ మిషన్ కొనుక్కున్నాను. ఎక్కువైనా ఈ కిడ్నీకి చేటే, తక్కువైనా చేటే. విరేచనాలు పట్టుకున్నా, ఎండదెబ్బ తగిలినా, నీళ్లు తాగలేకపోయినా ఊరుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బీపీ మాత్రలు మీ తెలివితో పెంచుకోవద్దు, తగ్గించుకోవద్దు. ఇచ్చేవాళ్లకు ఒక్క మాట. ఉపవాసాలు, ఒక్కపొద్దులు, నీళ్లు మానుకోవడాలు ఏవీ వద్దు. మీరు ఏం తిన్నారో, ఏం తాగారో, ఏం మొక్కుకున్నారో అన్నీ డాక్టర్‌కు చెప్పండి. నవ్వుతారని దాచొద్దు. నవ్వితే నవ్వారు.

ఈ మధ్య ఒక ఏడాది క్రియాటినిన్ మళ్లీ పైకి పోవడం మొదలుపెట్టింది. మళ్లీ ఆ కుర్చీ కలలోకి వచ్చింది. ఈసారి అందులో నా మాదిరి తల వాల్చుకుని ఎవరో కూర్చుని ఉన్నారు. మందులు మార్చారు. కొన్ని నెలలు బిక్కుబిక్కుమంటూ గడిపాక అది ఆగింది. ఇప్పటికైతే గండం గడిచింది. అందుకే ఇది రాయగలుగుతున్నాను.

ఆ భయంలో ఉన్నప్పుడే మణెమ్మ ఎంత వద్దన్నా వినకుండా అక్కకు కబురు చేసింది. అక్క పొద్దున బస్సుకే దిగింది. తల పూర్తిగా నెరిసింది. వచ్చి కింద కూర్చుని, మణెమ్మ ఇచ్చిన చెంబెడు నీళ్లూ గటగటా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకోటి ఉన్నది కద తమ్మీ" అన్నది.

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నెత్తికెక్కింది. "దిమాక్ ఉన్నదా నీకు? ఉన్నది ఒక్కటే. అది గూడ ఇచ్చి నువ్వు చస్తవా? నోరు మూసుకుని ఇంటికి పో. ఇంకోసారి గీ మాటంటే నా గడప తొక్కకు" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. నా బీపీ ఎంతకు పోయిందో, మిషన్ పెట్టి చూసుకోలేదు.

అక్క ఏమాత్రం బెదరలేదు. పైపెచ్చు ఆమె మొహం తేటపడింది. "ఆఁ, గిట్ల తిట్టు. గిట్ల తిడితేనే నాకు నిమ్మలం" అన్నది. "గప్పుడు దవఖానల నా చెయ్యి వట్టుకుని, నీ తప్పు లేదక్కా అని మెత్తగ మాట్లాడినవ్ సూడు. నువ్వు పుట్టినప్పటిసంది ఎవ్వరితోని గట్ల మాట్లాడంగ నేను సూడలే. గా పొద్దే తెల్సింది నాకు, నేనే ఎండగొట్టిన్నని."